అంబాసిడర్ కింద ఆగని ఆయిల్ చుక్క: లీకు ఎక్కడిదో పట్టుకుని ఆపడం ఎలా

అంబాసిడర్ నిలిపిన చోట నేల మీద నల్ల మరక కనబడగానే చాలామంది గాస్కెట్ సెట్ (భాగాల మధ్య ఆయిల్ కారకుండా వేసే పట్టీలు) కొనేస్తారు. ఆ పని చివర్లో చేయండి. ఈ బండిలో ఆయిల్ బయటికొచ్చే చోటు ఒకటి, చుక్క పడే చోటు మరొకటి. పైన ఎక్కడో ఊరిన ఆయిల్ బ్లాకు మీదుగా కిందికి జారుతుంది. బండి నడుస్తుంటే గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. చివరికి బెల్ హౌసింగ్ (ఇంజిన్ వెనక క్లచ్‌ని కప్పే డిప్ప) కిందో, చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) వెనక అంచుకో చేరి అక్కడ చుక్కగా పడుతుంది. చుక్క పడిన చోటు చూసి గాస్కెట్ మారిస్తే డబ్బు పోతుంది, లీకు మాత్రం అలాగే ఉంటుంది. ఏళ్ల తరబడి లీకు ఆగని బండ్లలో చాలావాటి కథ ఇదే.

ఇక్కడ చెప్పేది 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఉన్న బండ్ల గురించి. ఇంగ్లండ్‌లో బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) రూపొందించిన బి-సిరీస్ ఇంజిన్ అది. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4 మూడింటిలోనూ అదే. ఎంజీఏ స్పోర్ట్స్ కారు మొదటి మోడళ్లలో ఉన్నదీ ఈ 1489 సీసీ ఇంజినే. అందుకే ఆ కారు కోసం రాసిన వర్క్‌షాపు మాన్యువల్‌లో ఇంజిన్ లోపలి భాగం మీకూ చాలావరకు పనికొస్తుంది. 1990ల్లో వచ్చిన 1800 ఇసుజు ఇంజిన్ బండి మీదైతే, వెనక సీలు గురించి కింద రాసింది దానికి వర్తించదు. వెతికే పద్ధతి మాత్రం అదే.

ముందు కారుతున్నది ఏమిటో తేల్చుకోండి

రాత్రి బండి కింద పెద్ద అట్టపెట్టె విప్పి పరవండి. ముందు చక్రాలు ఎక్కడున్నాయో అట్ట మీద గీత గీయండి. పొద్దున చుక్కలు ఎక్కడ పడ్డాయో, ఏ రంగులో ఉన్నాయో చూడండి. నల్లగా, జారుడుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. చిక్కగా, ముక్కు చిట్లించే గంధకం వాసనతో ఉంటే గేర్ ఆయిల్. రంగు నీళ్లలా ఉండి, ఆరాక తెల్లటి లేదా పచ్చటి మరక మిగిలితే రేడియేటర్ కూలెంట్.

పల్చగా, దాదాపు రంగు లేకుండా ఉన్న ద్రవం చక్రాల లోపలివైపు గానీ మాస్టర్ సిలిండర్ కింద గానీ కనబడితే అది బ్రేక్ ఆయిల్ కావచ్చు. అప్పుడు మిగతాదంతా పక్కన పెట్టేయండి. బ్రేకులు బాగయ్యేదాకా బండి కదపకండి.

వెనక చక్రం డ్రమ్ము నుంచి గేర్ ఆయిల్ వస్తుంటే సీలు మార్చడానికి ముందు వెనక యాక్సిల్ మీదుండే చిన్న బ్రీదర్ రంధ్రం చూడండి. మట్టి పట్టి అది మూసుకుపోతే, లోపల వేడెక్కిన గాలి ఆయిల్‌ని సీలు దాటించి బ్రేక్ షూల మీదికి తోసేస్తుంది.

ఇక ఇంజిన్ ఆయిల్ సంగతి.

పానా పట్టకముందే చేయాల్సినవి

డిప్‌స్టిక్ తీసి చూడండి. బండి చదునైన నేల మీద, ఇంజిన్ ఆపి పది నిమిషాలైనా అయ్యాక చూస్తేనే లెక్క సరిగా వస్తుంది. పై గీత దాటి ఆయిల్ ఉంటే, ఎక్కువైనదంతా ఎక్కడో ఒకచోట దారి వెతుక్కుంటుంది. ఆయిల్ తగ్గుతోందని భయపడి అడపాదడపా పోస్తూ గీత దాటించిన బండ్లు చాలా ఉంటాయి. అదనంగా ఉన్నది తీసేసి వారం నడిపి చూడండి.

ఎలాంటి ఆయిల్ పోశారో కూడా కనుక్కోండి. కొత్త కార్ల కోసం చేసిన 5డబ్ల్యూ-30 లాంటి పల్చటి ఆయిల్ ఈ ఇంజిన్‌కి తగినది కాదు. పాత కార్క్ గాస్కెట్ల పక్కల నుంచి అది సులువుగా ఊరుతుంది. మన ఎండలకు 20డబ్ల్యూ-50 సరిగ్గా సరిపోతుంది. 20డబ్ల్యూ-40 అయినా ఫరవాలేదు.

తర్వాత ఇంజిన్ ఊపిరి. ఈ ఒక్క చోట తొందరపడకండి. పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత మంట గాలి ఎప్పుడూ చాంబర్‌లోకి దిగుతూనే ఉంటుంది. అది బయటికి పోవడానికి సైడ్ కవరు (బ్లాకు పక్కనుండే రేకు మూత) దగ్గర ఒక బ్రీదర్ గొట్టం ఉంటుంది. ఇంజిన్ నెత్తినుండే మూత, అంటే ట్యాపెట్ కవరు నుంచి ఎయిర్ క్లీనర్‌కి ఇంకో గొట్టం పోతుంది. ఈ దారులు మడ్డి పట్టి మూసుకుపోతే చాంబర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఎంత మంచి గాస్కెట్ వేసినా ఆ ఒత్తిడి ఆయిల్‌ని బయటికి నెడుతుంది. రెండు గొట్టాలూ విప్పి కిరోసిన్‌లో నానబెట్టి, తీగతో కెలికి, గాలి కొట్టించండి. ఆయిల్ పోసే మూతలో జాలీ ఉంటే అదీ కడగండి. ఆయిల్ ఆవిరి వస్తోందని బ్రీదర్ గొట్టానికి గుడ్డ కుక్కిన బండ్లు కనిపిస్తుంటాయి. ఆ గుడ్డ వెంటనే తీసేయండి.

ఇప్పుడు ఇంజిన్ బాగా వేడెక్కాక, ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీయండి. పల్చటి ప్లాస్టిక్ కవరు ముక్క ఆ రంధ్రం మీద పెట్టండి. కొద్దిగా వణికితే మామూలే. ఎగిరి పడుతుంటే, డిప్‌స్టిక్ గొట్టం నుంచి కూడా పొగ బుస్సుమని వస్తుంటే రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగాయని అనుమానించాలి. కంప్రెషన్ గేజు ఉన్న షెడ్డులో నాలుగు సిలిండర్లూ కొలిపించండి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ కొలవమనండి. అప్పుడు గేజు పెరిగితే రింగులదే తప్పు. అలాంటి ఇంజిన్‌కి గాస్కెట్లు ఎన్ని మార్చినా లీకు ఆగదు. ఆ ఖర్చు బోరు పనికి దాచుకోండి.

కడిగి, పొడి చల్లి, చూడటం

మురికి ఇంజిన్ మీద లీకు దొరకదు. చల్లారిన ఇంజిన్‌ని కిరోసిన్, బ్రష్షుతో పైనుంచి కిందిదాకా తోమండి. బ్లాకు వెనక భాగం, మానిఫోల్డ్ కింద, బెల్ హౌసింగ్ చుట్టూ, చాంబర్ అంచులు, ఏదీ వదలొద్దు. డిస్ట్రిబ్యూటర్‌కీ కార్బురేటర్‌కీ ప్లాస్టిక్ కవరు కట్టండి. బ్యాటరీ వైరు తీసేయండి. కిరోసిన్ పూర్తిగా ఆరేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. దగ్గర్లో బీడీ, సిగరెట్ వెలిగించనివ్వొద్దు. బనియన్ గుడ్డతో తుడిచి, అనుమానం ఉన్న చోట్ల టాల్కం పౌడర్ పల్చగా చల్లండి.

బండి కిందికి వెళ్లాలంటే జాకీ ఒక్కదాన్నే నమ్మకండి. చదునైన గట్టి నేల మీద, వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డాలు పెట్టి, జాకీ స్టాండ్లు ఛాసిస్ కింద బలమైన చోట నిలబెట్టి, బండిని కుదిపి చూశాకే దూరండి. ఇటుకలు పేర్చి పని కానివ్వకండి. బరువుకు ఇటుక చెప్పకుండా పగులుతుంది.

ముందు బండి నడపకుండా ఐడిల్‌లో పది, పదిహేను నిమిషాలు ఉంచి, టార్చి వేసి పైనుంచి కిందికి చూడండి. పౌడర్ ఎక్కడ మొదట తడిసిందో అదే మూలం. అక్కడేమీ కనబడకపోతే ఇరవై కిలోమీటర్లు మామూలు వేగంతో తిరిగి వచ్చి వెంటనే చూడండి. తడిసిన చోట్లలో అన్నిటికన్నా పైనున్నది, అన్నిటికన్నా ముందువైపున్నది ఏదో గుర్తించండి. అక్కడి నుంచే పని మొదలవుతుంది. ఒకేసారి ఒక్క లీకే సరిచేసి మళ్లీ కడిగి చూడండి. నాలుగు చోట్ల ఒకేసారి విప్పితే ఏది పనిచేసిందో మీకూ తెలీదు, మేస్త్రీకీ తెలీదు.

వెనక సీలు అని ఎవరైనా అంటే

ఈ ఇంజిన్‌లో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. బెల్ హౌసింగ్ కింద చుక్క కనబడగానే "వెనక ఆయిల్ సీలు పోయింది, ఇంజిన్ దించాలి" అంటారు. బీఎంసీ అసలు డిజైన్‌లో ఈ మూడు బేరింగుల ఇంజిన్‌కి వెనక రబ్బరు సీలు లేదు. క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక భాగంలో మర లాంటి గాడి కోసి ఉంటుంది. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు ఆ మర ఆయిల్‌ని లోపలికి తిప్పి పంపుతుంది. ఇంజిన్ ఆగాక మర పని చేయదు, మిగిలిన చుక్క కిందికి జారుతుంది. కాబట్టి బండి ఆపాక ఒకటీ రెండూ చుక్కలు పడటం దాని పుట్టుకలోనే ఉంది. ముందుభాగం ఎత్తుగా ఉండే వాలు మీద నిలిపితే ఆయిల్ వెనక్కి చేరి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. పార్కింగ్ దిశ మార్చి చూడండి.

ఎవరైనా మునుపే మార్పు చేయించి ఉంటే తప్ప, మార్చడానికి అక్కడ సీలే ఉండదు. "సీలు తెప్పించి మార్చేస్తాను" అనే మేస్త్రీని, ఈ ఇంజిన్ వెనకభాగం ఎప్పుడైనా విప్పారా అని మర్యాదగా అడగండి. జవాబు వినగానే మీకు అర్థమవుతుంది.

పైగా బెల్ హౌసింగ్ దగ్గర చుక్కగా పడే ఆయిల్‌లో చాలాభాగం వేరే చోటి నుంచి వస్తుంది. వెనక సైడ్ కవరు, ట్యాపెట్ కవరు వెనక మూల, ఆయిల్ ప్రెషర్ స్విచ్ లేదా గేజు పైపు యూనియన్, చాంబర్ వెనక కార్క్ పట్టీ, ఇవన్నీ ముందు కళ్లతో చూసి కొట్టిపారేయాలి. గేర్‌బాక్స్ ముందు నుంచి ఆయిల్ వచ్చినా చుక్క అదే చోట పడుతుంది. అక్కడ గేర్ ఆయిల్ పోసి ఉంటే వాసనే చెబుతుంది. ఇంజిన్ దించే మాట అవన్నీ అయ్యాకే.

పైన ఉండే ట్యాపెట్ కవరు

సులువైన పని, ముందు ఇదే చేయండి. రెండు నట్లు తీసి కవరు పైకెత్తండి. పాత కార్క్ ముక్కలు ఇంజిన్‌లో పడకుండా గుడ్డ పరిచి గీకండి. కవరు అంచును అద్దం పలక మీద పెట్టి చూడండి. నట్లు అతిగా బిగించడం వల్ల కవరు వంగి, అంచు ఎత్తుపల్లాలు అయిపోయి ఉంటుంది. చెక్క దిమ్మె మీద పెట్టి చిన్న సుత్తితో మెల్లగా తట్టి సరిచేయండి. ఈ పని వదిలేసి కొత్త గాస్కెట్ వేస్తే నెల తిరక్కముందే మళ్లీ ఊరుతుంది.

గాస్కెట్‌ని కవరుకు షెల్లాక్‌తోగానీ గాస్కెట్ గమ్‌తోగానీ అతికించండి. హెడ్ మీద కూర్చునే వైపు కాస్త గ్రీజు రాస్తే చాలు. తర్వాత ట్యాపెట్లు సెట్ చేయడానికి విప్పినా అది చిరగదు. నట్ల కింద ఉండే రబ్బరు బుష్షులు రాయిలా గట్టిపడి ఉంటే వాటినీ మార్చండి. కవరు బాగున్నా ఆ బుష్షుల పక్క నుంచే ఆయిల్ ఎగజిమ్ముతుంటుంది. బిగింపు 4 పౌండ్-అడుగులు (టార్క్ పానా చూపే బిగింపు కొలత) దాటకూడదు. పొట్టి పానా పట్టుకుని రెండు వేళ్ల బలం వాడితే అంతే అవుతుంది.

మానిఫోల్డ్ కింద దాక్కున్న రెండు సైడ్ కవర్లు

ఆగని లీకుకి అసలు కారణం ఇవే అయ్యే అవకాశం ఎక్కువ. పుష్ రాడ్లు ఉండే వైపు బ్లాకుకి రెండు రేకు కవర్లు ఉంటాయి. ఒక్కోదానికి నడిమధ్యలో ఒకే బోల్టు. సైలెన్సర్ మానిఫోల్డ్ వేడి ఎప్పుడూ వాటి మీదే పడుతుంది. ఆ వేడికి కార్క్ ఎండి కుంచించుకుపోతుంది. ఊరుతోందని బోల్టు ఇంకాస్త బిగిస్తే రేకు మధ్యలో లోపలికి కుంగి, అంచులు పైకి లేచి, లీకు పెరుగుతుంది. అది చూసి మళ్లీ బిగిస్తారు.

ముందు కవరు చేతికి అందుతుంది. వెనకదానికి చాలాసార్లు కార్బురేటర్, మానిఫోల్డ్ తీయాల్సి వస్తుంది. మానిఫోల్డ్ నట్లకు ముందురోజే తుప్పు వదిలించే ఆయిల్ వేసి ఉంచండి. లేకపోతే స్టడ్ విరిగి పని రెండింతలవుతుంది. కొత్త మానిఫోల్డ్ గాస్కెట్ ముందే తెచ్చి పెట్టుకోండి.

కవరు తీశాక అంచు సరిచేయడం, అతికించడం అన్నీ ట్యాపెట్ కవరు పద్ధతే. రెండు విషయాలు అదనం. ఒకటి, నడిమి బోల్టు కింద ఉండే వాషరు కొత్తది వేయాలి. పాత వాషరు ఉంచితే ఆయిల్ బోల్టు పక్క నుంచే వస్తుంది. రెండు, బిగింపు. 2 పౌండ్-అడుగులే, అంటే దాదాపు చేత్తో తిప్పినంత. ఇంత తక్కువ బిగింపు మీద నమ్మకం కుదరక గట్టిగా తిప్పాలనిపిస్తుంది. తిప్పకండి. ఇక్కడ ఆయిల్ ఒత్తిడితో రాదు, చిమ్మి జారుతుంది, అంతే. చదునైన అంచు, మెత్తని కార్క్ ఉంటే అది ఆగిపోతుంది.

గాస్కెట్ కొనేటప్పుడు వేలితో కొంచెం వంచి చూడండి. పగిలేది వద్దు. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో వెతికేటప్పుడు పాత కవరు చేతిలో పట్టుకెళ్లి, దుకాణంలోనే పెట్టి సరిపోల్చుకోండి. ఏళ్లుగా అరల్లో పడున్న కార్క్ కుంచించుకుపోయి ఉంటే గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెడితే మళ్లీ సాగుతుంది. నాని కూడా సరిపోకపోతే తీసుకోకండి.

ముందు టైమింగ్ కవరు

ఫ్యాను పుల్లీ వెనక చుట్టూ ఆయిల్ చిమ్మినట్టు వలయం కనబడితే లీకు ఇక్కడిది. రేడియేటర్ తీసి, హ్యాండిల్ పెట్టి తిప్పే పెద్ద నట్టు లాకు వాషరు మడత విప్పి, పుల్లీ లాగాలి. సీలు మార్చే ముందు పుల్లీ గొట్టం మీద గోరుతో రాసి చూడండి. సీలు రాసుకుని గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా కొన్నాళ్లే ఆపుతుంది. లేత్ షాపులో దాని మీద పల్చటి స్లీవ్ వేయించండి.

పుల్లీ వెనక ఆయిల్‌ని విసిరేసే రేకు పళ్లెం ఒకటి ఉంటుంది. అది ఏ ముఖం ఎటు ఉందో తీసేటప్పుడే ఫోన్‌లో ఫోటో తీసుకోండి. దాని మీద 'ఎఫ్' అని అక్షరం ఉంటే ఆ ముఖం బయటికి, అంటే రేడియేటర్ వైపుకి రావాలి. తిరిగి బిగించేటప్పుడు కవరు బోల్టులన్నీ వదులుగా పెట్టి, పుల్లీని సీలులోకి దూర్చి, కవరు దానంతటది నడిమికి సర్దుకున్నాకే బోల్టులు బిగించండి. ముందే బిగించేస్తే సీలు ఒక పక్క నొక్కుకుని ఇంకో పక్క ఖాళీ మిగులుతుంది.

ఫిల్టరు, పైపులు, పంపు

పాత గిన్నె రకం ఆయిల్ ఫిల్టరు అయితే పై గాడిలో ఉన్న రబ్బరు రింగును సూదితో పూర్తిగా బయటికి లాగి చూడండి. పాతది గాడికి అంటుకుపోయి గాడి అడుగులా కనిపిస్తుంది. దాని మీదే కొత్తది వేస్తే ఒత్తిడికి రింగు పక్కకు జరిగి, నిమిషాల్లో ఆయిలంతా రోడ్డు మీద పోతుంది. ఫిల్టరు మార్చాక ఇంజిన్ నడుస్తుండగా ఒకసారి తప్పక చూడాలి. పైపు యూనియన్ల దగ్గర రాగి వాషర్లు కొత్తవి వేయండి. చాంబర్ డ్రెయిన్ బోల్టుకీ అంతే.

ఇంజిన్ పక్కనుండే మెకానికల్ పెట్రోల్ పంపు గాస్కెట్ దగ్గర కూడా ఊరవచ్చు. డిప్‌స్టిక్ వాసన చూస్తే పెట్రోల్ తగిలినా, పోయకుండానే ఆయిల్ మట్టం పెరిగినా పంపు డయాఫ్రం చిరిగి ఉండొచ్చు. బండి నడపడం ఆపేసి పంపు బాగుచేయించి, ఆయిల్ మొత్తం మార్చండి.

చాంబర్ గాస్కెట్

కిందినుంచి చూస్తే ప్రతి లీకూ చాంబర్‌దే అనిపిస్తుంది. పైవన్నీ అయ్యాకే దీన్ని ముట్టుకోండి. ఆయిల్ దింపేసి, చుట్టూ ఉన్న బోల్టులు విప్పి, అవసరమైతే ఇంజిన్ మౌంటింగ్ వదులు చేసి కాస్త పైకెత్తి చాంబర్ తీయాలి. ఇవి అంగుళాల సైజు బోల్టులు, 7/16 పానా సరిపోతుంది. దాని బదులు 12 నంబరు మెట్రిక్ పానా వాడితే తల అరిగి గుండ్రంగా అయిపోతుంది.

రెండు పక్కల పొడవు గాస్కెట్లతో పాటు, ముందూ వెనకా మెయిన్ బేరింగ్ క్యాపుల గాడుల్లో కార్క్ పట్టీలు ఉంటాయి. ఆ పట్టీలు గాడి కంటే కొంచెం పైకి పొడుచుకుని ఉండాలి. ఎక్కువైందని కోసేయకండి, నొక్కుకున్నాకే అవి మూస్తాయి. పట్టీ, పక్క గాస్కెట్ కలిసే నాలుగు మూలల్లో మాత్రం సిలికాన్ బఠాణీ గింజంత పెట్టండి. చుట్టూ దట్టంగా పూయడం ప్రమాదం. లోపలికి పిండుకున్న సిలికాన్ తెగి చాంబర్‌లో పడి, ఆయిల్ పీల్చే జాలీకి అడ్డుపడితే బేరింగులు పోతాయి. బోల్టులు ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా, నడుమ నుంచి చివరలకు, 6 పౌండ్-అడుగులకు, అంటే సుమారు 8 న్యూటన్-మీటర్లకు బిగించండి.

దింపిన ఆయిల్‌ని కాలవలో గానీ మట్టిలో గానీ పోయొద్దు. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ సేకరించే వాళ్లకు ఇచ్చేయండి.

ఇవన్నీ చేసినా వెనక నుంచే వస్తుంటే

అప్పుడు నిజంగానే మర దగ్గరి లీకు అనుకోవచ్చు. చుక్కలు కొన్నే అయితే, క్లచ్ జారకపోతే, డిప్‌స్టిక్ మీద మట్టం ఉండాల్సినంత ఉంటే వదిలేయడమే మంచిదని నా నమ్మకం. బెల్ హౌసింగ్ అడుగున ఉండే చిన్న రంధ్రం మాత్రం తెరిచి ఉంచండి. కొన్నిట్లో అందులో స్ప్లిట్ పిన్ వేలాడుతుంటుంది, అది మట్టి పట్టకుండా పెట్టింది. లీకు కనబడకూడదని ఆ రంధ్రం మూసేస్తే ఆయిల్ లోపలే నిలిచి క్లచ్ ప్లేటుకు పట్టుకుంటుంది.

క్లచ్ జారుతుంటే, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తూ బండి కదలకపోతుంటే ఇంజిన్ దించక తప్పదు. దించాక క్లచ్ ఒక్కటే మార్చి మూసేయకండి. మెయిన్ బేరింగులు అరిగి క్రాంక్ కిందికి దిగితే, మర చుట్టూ ఉండాల్సిన సన్నని ఖాళీ ఒకవైపు పెరిగిపోతుంది. బేరింగులు కొలిపించండి. వెనక ప్లేటు గాస్కెట్, వెనక బేరింగ్ క్యాపులో ఆయిల్ తిరిగి చాంబర్‌లోకి దిగే దారి రెండూ చూడండి. ఆ దారి మడ్డితో నిండితే మర ఎంత తిప్పినా ఆయిల్ వెనక్కే వస్తుంది. ఎంజీఏ లాంటి కార్ల కోసం రబ్బరు సీలు అమర్చే మార్పిడి కిట్లు ఇంగ్లండ్‌లో దొరుకుతాయి. అవి పెట్టాలంటే క్రాంక్‌ని, బ్లాకుని చాలా కచ్చితంగా మెషీన్ చేయాలి. ఆ పని తెలిసిన టర్నర్ దొరికి, క్రాంక్ ఎలాగూ గ్రైండింగ్‌కి పోతుంటేనే దానికి పోండి.

పని ఏదైనా, పూర్తయ్యాక ఇంజిన్‌ని మళ్లీ కడిగి అట్ట పరవండి. ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ట్యాపెట్ కవరు, సైడ్ కవర్లు, చాంబర్ బోల్టులు అదే కొలతకు ఒకసారి సరిచూడండి. కార్క్ కూర్చున్నాక మొదటి బిగింపు కొంచెం వదులవుతుంది. ఆ తర్వాత వాటిని ముట్టుకోవద్దు. నెలకోసారి డిప్‌స్టిక్ మట్టం, ఆ రోజు కిలోమీటర్లు ఒక పుస్తకంలో రాసుకోండి. ఆయిల్ నిజంగా ఎంత తగ్గుతోందో ఆ పుస్తకమే చెబుతుంది.